పిల్లల వేగం, చురుకుదనం: గ్రౌండ్‌లో రోజూ వినే అపోహలు

స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లు దగ్గర పడ్డాయంటే చాలు, ఎనిమిదేళ్ల పిల్లల చేత పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ రౌండ్ల మీద రౌండ్లు కొట్టిస్తుంటారు. కోచ్‌గా నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలు పడే కష్టం వేగం పెరగడానికి ఏమాత్రం ఉపయోగపడదు.

అపోహ: ఎక్కువ దూరం పరిగెత్తిస్తే వేగం వస్తుంది.

వాస్తవం: వచ్చేది స్టామినా. వేగం కావాలంటే పిల్లలు అలసిపోకముందే, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి, 10 నుంచి 20 మీటర్లు ఉరకాలి, నడుచుకుంటూ వెనక్కి రావాలి, ఆయాసం పూర్తిగా తగ్గాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఐదారుసార్లు చాలు. పరుగు మందగించిందా, ఆ రోజుకి ఆపేయండి. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లలో 800 మీటర్ల పరుగు కూడా ఉంటుంది కదా అంటారు, నిజమే, దాని ప్రాక్టీసు వేరే రోజు పెట్టుకోండి.

అపోహ: షటిల్ రన్‌లో టైమ్ తగ్గాలంటే ఇంకా గట్టిగా ఉరకాలి.

వాస్తవం: 6×10 షటిల్ అంటే 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు గీతల మధ్య అటూ ఇటూ ఆరుసార్లు ఉరకడం. అంటే 5 మలుపులు, టైమంతా పోయేది అక్కడే. చాలామంది పిల్లలు గీత దాకా ఫుల్ స్పీడ్‌లో వచ్చి, ఒళ్లు వంచకుండా నిటారుగానే బ్రేక్ వేయబోయి, గీత దాటిపోయి, బస్సు తిరిగినట్టు గుండ్రంగా తిరిగొస్తారు. అందుకే ముందు ఆగడం నేర్పండి. గీత దగ్గరవుతుండగానే అంగలు చిన్నవి చేసి, మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, చివరి పాదం అడ్డంగా వేసి, దానితోనే నేలని తన్ని వెనుదిరగాలి. కుడి, ఎడమ రెండు వైపులా అలవాటు చేయాలి. మొదట్లో 5 మీటర్లు ఉరికి, పాదాల చప్పుడు రాకుండా ఆగడాన్ని ఒక ఆటలా ఆడించండి, పిల్లలు పోటీపడి మరీ నేర్చుకుంటారు.

నేల మీద నిచ్చెనలా పరిచిన గళ్లలో అడుగులేయించే ల్యాడర్ డ్రిల్స్‌తోనే ఎజిలిటీ, అంటే చురుకుదనం, వచ్చేస్తుందనేది ఇంకో నమ్మకం. పాదాల లయకి అవి మంచివే, నేనూ చేయిస్తాను. కానీ ఎదుటివాడు ఎటు కదులుతున్నాడో చూసి అప్పటికప్పుడు దిశ మార్చడమే అసలైన ఎజిలిటీ, ముందే తెలిసిన గళ్లలో అడుగులేస్తే అది రాదు. ఖోఖో ఆడించండి. లేదా ప్రతి ఒక్కరి నడుముకి వెనక చేతిరుమాలు దోపి, ఒకరిది ఒకరు లాక్కోమనండి, ఎవరూ చెప్పకుండానే ఎన్ని మలుపులు తిరుగుతారో చూడండి.

కాళ్లకి బరువులు కట్టి పరిగెత్తించడం వద్దే వద్దు, అడుగు తీరు చెడిపోతుంది. అలాగని గుంజీళ్లు, కప్పగంతులు ఎదుగుదలని ఆపేస్తాయని భయపడొద్దు, పక్కన తెలిసినవాళ్లుండి సరిగ్గా చేయిస్తే ఆపవు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి ఎముకలు, కండరాలు బలపడే వ్యాయామం వారానికి కనీసం 3 రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట, 'నొప్పి ఉంటేనే కాళ్లు గట్టిపడతాయి'. 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది, గెంతులు ఎక్కువైతే అక్కడే నొప్పి మొదలవుతుంది. పిల్లాడు మడమ ఆనించకుండా కుంటుతుంటే పరుగు ఆపించి ఎముకల డాక్టర్‌కి చూపించండి, సెలక్షన్లు వచ్చే ఏడాది కూడా ఉంటాయి.