మూలన ముడుచుకున్న చిట్టెలుక

"బానే ఉందన్నా, పడుకుంది." బెంగళూరులో ప్రయోగాల జంతువులను ఉంచే యానిమల్ హౌసుల్లో పనిచేసే మనవాళ్ల నోట తరచూ వచ్చే మాట. కానీ నిన్న కడుపు కోసి కుట్లు వేసిన చిట్టెలుక ఈ రోజు వీపు గూనిగా, వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూలన ఉందంటే బాగున్నట్టు కాదు. పిల్లికీ గద్దకీ ఆహారమయ్యే జీవి నొప్పి బయటపెట్టదు. మనిషి అలికిడైతే ఇంకా దాస్తుంది. అందుకే కేజ్ ముట్టుకోకముందే, కాస్త దూరంగా నిలబడి రెండు నిమిషాలు చూడాలి.

చూడాల్సింది ముఖం. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2010లో ఐదు గుర్తులు ఇచ్చింది: కళ్లు చికిలించడం, ముక్కు పైభాగం ఉబ్బడం, బుగ్గలు ఉబ్బడం, చెవులు ఎడంగా వెనక్కి వాలడం, మీసాలు బిగుసుకోవడం. గుర్తు ఎంత స్పష్టంగా ఉంటే అంత ఎక్కువగా, ఒక్కోదానికి 0, 1 లేదా 2 మార్కులు. పెద్ద ఎలుకలో మాత్రం ముక్కూ బుగ్గా ఉబ్బవు, చదునవుతాయి. నిద్రలో ఉన్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు మార్కులు వేయకూడదు. ఆపరేషన్‌కి ఇచ్చే ఐసోఫ్లూరేన్ మత్తు ఒక్కటే కూడా స్కోరు పెంచగలదు కాబట్టి లేచీ లేవగానే వేసిన మార్కులు నమ్మలేం. మరో తేలికైన పరీక్ష: గూడుకని వేసిన టిష్యూ కాగితం తెల్లారేసరికి అలాగే పడి ఉంటే నొప్పి ఉందేమోనని అనుమానించాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది మందు దగ్గర. నొప్పి తగ్గించే బుప్రెనార్ఫిన్ ఆంప్యూల్లో మి.లీ.కి 0.3 మి.గ్రా. ఉంటుంది. కిలోకు 0.1 మి.గ్రా. చొప్పున 25 గ్రాముల చిట్టెలుకకు కావాల్సింది 0.008 మి.లీ. మామూలు సిరంజీ ఏదీ అంత సన్నగా కొలవదు. 1 మి.లీ. మందుకి 9 మి.లీ. స్టెరైల్ సెలైన్ కలిపితే డోసు 0.08 మి.లీ. అవుతుంది, ఇన్సులిన్ సిరంజితో తీయొచ్చు. కోత పెట్టడానికి అరగంట ముందే చర్మం కింద ఇవ్వాలి. నొప్పి ముదిరాక అదే డోసు సరిగా ఆనదు. ఏ జంతువుకి ఎంతన్నది వెటర్నరీ డాక్టరు తేల్చాలి.

చిట్టెలుకలో ఈ మందు ఆరేడు గంటలు మించి నిలుస్తుందనుకోకూడదు. సాయంత్రం ఆరింటికి ఇచ్చి ఇంటికెళ్తే అర్ధరాత్రి దాటాక దానికి దిక్కులేదు. అందుకే రోజుకోసారి ఇచ్చే మరో నొప్పి మందు మెలాక్సికామ్ తోడు చేస్తారు. అయితే నీరసించి నీళ్లు తాగని జంతువుకి అది కిడ్నీల మీద పడుతుంది. ముందు గోరువెచ్చని సెలైన్ ఎక్కించాలి.

బుప్రెనార్ఫిన్ మత్తుమందుల చట్టం కిందకి వస్తుంది కాబట్టి తాళంలో ఉంటుంది. ఆ తాళంచెవి ఉన్నాయన శుక్రవారం రాత్రి అనంతపురం బస్సెక్కేవాడైతే, ఆపరేషన్ సోమవారానికి పెట్టుకోండి.