పలుపు విప్పిన స్టీరింగ్

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి మా మేనల్లుణ్ణి తీసుకెళ్తే వాడి చూపంతా ఒక డ్రైవర్ చేతుల మీదే పడింది. ఆయన కారు ఆపి, గిన్నె మీద మూత తీసినంత తేలిగ్గా స్టీరింగ్‌ని ఊడదీసి పైన పెట్టి దిగాడు.

"మామయ్యా, దానికి అన్ని బటన్లున్నాయి కదా, మరి వైర్లేవి?"

చాలా రేసు కార్లలో స్టీరింగ్ బిగించే చోటే పిన్నులుంటాయి. లేదా పాత టెలిఫోన్ వైరులాంటి మెలికల తీగ వేలాడుతుంది. ఈమధ్య ఆ తీగ కూడా లేకుండా రేడియోతో పనిచేసేవి వచ్చాయి. జవాబు ఇంతే. కానీ తిరిగే వస్తువుకి వైరు కట్టడం ఎంత తలనొప్పో తెలియకపోతే ఇందులో మజా తెలియదు.

గుంజకి కట్టిన గేదెని చూడండి. ఒకే వైపు తిరిగీ తిరిగీ పలుపు మొత్తం గుంజకి చుట్టుకుపోయి, చివరికి మూతి గుంజకి ఆనుతుంది. అంబత్తూరులో పుట్టి పెరిగిన మావాడికి ఇది బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

మామూలు కారు స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. హారన్‌కీ ఎయిర్‌బ్యాగ్‌కీ వైర్లు దాంతోపాటు తిరగాలి. అందుకని పొడవైన పలుపు ఇచ్చి, దాన్ని గుంజ చుట్టూ వదులుగా చుట్టలు చుట్టి ఉంచుతారు. ఒక వైపు తిప్పితే చుట్టలు బిగుస్తాయి, రెండో వైపు తిప్పితే వదులవుతాయి. దీని పేరు క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ ఎప్పుడూ వెనక్కి తిరిగొచ్చే బుద్ధిమంతురాలైన గేదె కాబట్టే ఈ ఉపాయం పనిచేస్తుంది.

మా కారుకి స్టీరింగ్ పని చేయించినప్పుడు మెకానిక్ క్లాక్ స్ప్రింగ్‌ని మధ్యకి పెట్టకుండా ఒక చుట్టు తేడాతో బిగించేశాడు. వారం తర్వాత టి.నగర్‌లో యూ టర్న్ తీసుకుంటుంటే 'టక్' మంది. హారన్ పోయింది, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగింది. దిష్టి తగిలిందన్నారు పక్కింటావిడ. బంపర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ అప్పటికే వేలాడుతున్నాయి! పాత డబ్బా విప్పి చూస్తే, లోపల వేలెడు వెడల్పు కూడా లేని ప్లాస్టిక్ రిబ్బన్, దాని మీద సన్నటి రాగి గీతలు, మడత దగ్గర తెగి ఉంది. డబ్బా మీద మధ్య గుర్తు స్పష్టంగా ముద్రించే ఉంది. దాన్ని చూడకపోవడమే దిష్టి.

ఇంకో దారి, గుంజకి వదులుగా ఒక కడియం తొడిగి పలుపుని దానికి కట్టడం. గేదె ఎంత తిరిగినా మెలిక పడదు. కానీ కరెంటు ఆ రాపిడిలోంచే రావాలి కాబట్టి కడియం అరుగుతుంది, దుమ్ము పడితే కరెంటు తెగితెగి వస్తుంది.

మూడో దారి పలుపు విప్పేయడమే. అప్పుడు గేదె తన మేత తానే మోసుకోవాలి. ఆ మేత సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. 3 వోల్టులు, సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. రేడియో చిప్ మెలకువగా ఉండి 10 మిల్లీఆంపియర్లు తాగుతుంటే 22 గంటల్లో ఖాళీ. అందుకే దాన్ని నిద్రపుచ్చుతారు. నిద్రలో 2 మైక్రోఆంపియర్లే తీసుకుంటుందనుకుందాం. ఏడాదికి 17.5 మిల్లీఆంపియర్ అవర్లు. బటన్ నొక్కినప్పుడల్లా 5 మిల్లీసెకన్లు మేల్కొంటే, రోజుకి వెయ్యిసార్లు నొక్కినా ఏడాదికి మరో 5. కాగితం మీద తొమ్మిదేళ్లు దాటుతుంది! చెన్నై ఎండలో కాగే కారులో అంత రాదు గానీ, మెలకువ కంటే నిద్రే ఎక్కువ తినేస్తుందన్న లెక్క నాకెంతో ముచ్చటగా ఉంటుంది. బడిలో కరెంటు పాఠం ఇలా చెబితే పిల్లలు కునికిపాట్లు పడరు.

చిక్కు వేరేచోట ఉంది. నొక్కిన కబురు, వదిలిన కబురు రెండూ అందాలి. వదిలిన కబురు గాలిలో పోతే కారు బటన్ ఇంకా నొక్కే ఉందనుకుంటుంది. అందుకని వేలు తీసేదాకా 'ఉన్నా, ఉన్నా' అని పంపిస్తూనే ఉండాలి, ఆ మాట కాసేపు ఆగితే రిసీవర్ వదిలేసినట్టే లెక్కేయాలి. పక్క కారు బటన్‌కి మన కారు పలక్కుండా ప్రతి కబురులో ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. రిసీవర్ దాన్ని సరిచూసి, క్యాన్ అనే కారు లోపలి వైరింగ్‌లోకి పంపిస్తుంది. పైగా రేసు స్టీరింగ్‌లు తరచూ కార్బన్ ఫైబర్‌తో చేస్తారు. అది కరెంటుని పారనిస్తుంది కాబట్టి రేడియో తరంగాలకి అడ్డుగోడ. యాంటెనాకి కిటికీ వదలాలి.

1989లో ఫెరారీ ఫార్ములా వన్ కారులో గేరు మీటలు స్టీరింగ్ వెనక్కి వచ్చాయి. ఆ కారుతో నైజెల్ మాన్సెల్ అనే డ్రైవర్ మొదటి రేసే, బ్రెజిల్‌లో, గెలిచాడు. అప్పటి నుంచి స్టీరింగ్ మీదకి బటన్లు చేరుతూనే ఉన్నాయి.

ఎయిర్‌బ్యాగ్‌ని మాత్రం బిళ్ల బ్యాటరీకి అప్పగించలేం. దాన్ని పేల్చడానికి ఒక ఆంపియర్‌కి పైగా కరెంటు కావాలి, గుద్దుకున్నాక రెప్పపాటు కూడా వ్యవధి ఉండదు. రేసు కారులో ఎయిర్‌బ్యాగ్ ఉండదు, డ్రైవర్‌ని బెల్టులే సీటుకి కట్టేస్తాయి. షోకు కోసం రోడ్డు కారుకి రేసు స్టీరింగ్ బిగించుకునే కుర్రాళ్లు, దాంతోపాటు ఎదుటనున్న ఎయిర్‌బ్యాగ్‌ని పీకి పారేస్తున్నట్టే.

"బ్యాటరీ అయిపోతే?" అన్నాడు మావాడు.

కబురుతోపాటు బ్యాటరీ వోల్టేజీ కూడా పంపిస్తే ముందే దీపం వెలిగించొచ్చు, బిళ్ల మార్చడం రెండు నిమిషాల పని అన్నాను. మా కారు క్లాక్ స్ప్రింగ్‌కి ఎంతయిందో మాత్రం వాడికి చెప్పలేదు.