దోమల బ్యాటులో నాలుగు వోల్టులు

పాడైన దోమల బ్యాటును ఎప్పుడైనా విప్పి చూడండి, ప్లగ్గులోంచి తీశాకే సుమా. ఛార్జింగ్ పిన్నుల వెనుక ఒక కెపాసిటర్, దాన్ని అంటిపెట్టుకుని ఒక రెసిస్టర్, కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే నాలుగు డయోడ్లు, ఆ వెంటనే బ్యాటరీ. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా అది జాలీకి కావలసిన హై వోల్టేజి కోసం. ఇంటి కరెంటుతో దానికి సంబంధం లేదు.

0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే మన 230 వోల్టుల, 50 హెర్ట్జ్ సరఫరాలో సుమారు 34 మిల్లీఆంపియర్లకు మించి కరెంటు రానివ్వదు. చవక, పైగా వేడెక్కదు. బ్యాటరీ కొసల మీద మల్టీమీటర్ పెడితే నాలుగు వోల్టులే. కానీ అది ఆ రెండు కొసల మధ్య తేడా. బ్యాటరీకీ మీరు నిలబడిన నేలకూ మధ్య ఎంతన్నది వేరే లెక్క. కెపాసిటర్ న్యూట్రల్ వైపు పడేలా ప్లగ్గు పెట్టారనుకోండి, డయోడ్లు తప్ప అడ్డేమీ లేక ఫేజు బ్యాటరీ దాకా వచ్చేస్తుంది: 230 వోల్టులు, ఏసీ అల శిఖరం దగ్గర 325. తిప్పి పెడితే దాదాపు ఏమీ ఉండదు. “నేను ముట్టుకున్నాను, ఏమీ కాలేదు” అనేవారు అబద్ధమాడటం లేదు. ఆ పూట ప్లగ్గు అటు తిరిగి ఉంది, అంతే. పాత టీవీ మెకానిక్కులు ఇలా మెయిన్సుతో ముడిపడిన భాగాన్ని హాట్ గ్రౌండ్ అనేవారు.

ఫోను ఛార్జరులో కథ వేరు. అక్కడ ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా శక్తి అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, “వోల్టేజి సరిపోయింది” అన్న కబురు ఆప్టోకప్లర్‌లో వెలుతురుగా వెనక్కి వెళ్తుంది. ఇంటి కరెంటు వైపుకీ ఫోను వైపుకీ మధ్య బోర్డు మీద సుమారు 6 మిల్లీమీటర్ల ఖాళీ. 3000 వోల్టులు పెట్టి పరీక్షిస్తారు. రెండిటినీ కలిపే వై-కెపాసిటర్ (ఇలాంటి చోటుకే చేసిన భద్రత రకం) మాత్రం ఒకటి ఉంటుంది, రేడియో రొద తగ్గించడానికి. ఛార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్ లోహపు మూత మీద వేలు రాస్తే చీమలు పాకినట్టు అనిపించేది దానివల్లే. ఒక నానోఫారడ్ అయితే 0.07 మిల్లీఆంపియర్లు, ప్రమాదం లేదు. దాని స్థానంలో మామూలు కెపాసిటర్ అతికిస్తే మాత్రం, అది షార్టయిన రోజు ఫేజు నేరుగా మీ చేతికే.

అలాగని ప్రతిదానికీ ట్రాన్స్‌ఫార్మర్ కావాలనడం దండగ. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటికి ఉండదు. ప్లాస్టిక్ గుండే అక్కడ రక్షణ. ఆ గుండు పగిలాక వెలుగుతోంది కదా అని వాడుకోవడమే తప్పు. నేనైతే ఒకటే చూస్తాను: పెట్టెలోంచి మనిషి తాకే తీగ, స్క్రూ, యూఎస్‌బీ సాకెట్ ఏదైనా బయటికి వస్తోందా? వస్తే ఐసొలేషన్, అంటే ఇంటి కరెంటుతో నేరుగా తీగ సంబంధం లేకుండా విడదీయడం, తప్పదు, అవుట్‌పుట్ మూడు వోల్టులైనా సరే.

అసలు చిక్కు తర్వాత వచ్చే ఆలోచనలతో. ఐసొలేషన్ లేని వైఫై స్విచ్ గోడలో భద్రంగానే ఉంటుంది. ఒకరోజు దానికి ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించి తీగ బయటికి లాగుతారు, లేదా కరెంటు తీయకుండానే ప్రోగ్రాం మార్చడానికి కంప్యూటర్ కేబుల్ గుచ్చుతారు. అదృష్టం బాగుంటే కాలేది కంప్యూటరే.