పామ్ స్ప్రింగ్స్‌లో సైకిల్ షికారు: అపోహలు – వాస్తవాలు

పామ్ స్ప్రింగ్స్‌కి వచ్చినవాళ్ళను సైకిళ్ళ మీద ఊరు తిప్పి చూపించడం నా పని. దక్షిణ కాలిఫోర్నియాలో, కొచెల్లా లోయకు పడమటి కొసన, శాన్ హసింటో కొండను ఆనుకుని ఉన్న ఎడారి ఊరిది. హోటల్లో స్విమ్మింగ్ పూల్ పక్క నుంచి లేచి, చెప్పులేసుకుని "అలా ఒక రౌండ్ వేసొద్దాం" అంటూ వచ్చేస్తారు చాలామంది. రావచ్చు, తీరిగ్గా తిరగడానికి ఇంత అనువైన ఊళ్ళు తక్కువ. కాకపోతే వాళ్ళ నోట తరచుగా వినే కొన్ని మాటలకు సైకిల్ ఎక్కకముందే జవాబు చెప్పాల్సి వస్తుంది.

అపోహ: ఎడారి కదా, నేలంతా చదునుగా ఉంటుంది. ఎటు తొక్కినా ఒకటే.

కొండ లోయల్లోంచి వరదలు వేల ఏళ్ళుగా మోసుకొచ్చి పరిచిన రాళ్ళూ ఇసుకా మీద కట్టిన ఊరిది. అందుకే పడమరకు, అంటే కొండ వైపు వెళ్ళే ప్రతి వీధీ కొంచెం కొంచెంగా ఎక్కుతూ ఉంటుంది. వెనక 10,834 అడుగుల శిఖరం నిలబడి ఉండటంతో ఆ ఎత్తు కంటికి ఆనదు. కాళ్ళకు మాత్రం బాగానే తెలుస్తుంది.

దీనికి గాలి తోడవుతుంది. ఊరికి వాయవ్యాన శాన్ గొర్గోనియో కనుమ ఉంది. పగటి వేడికి ఎడారి మీది గాలి పైకి లేచేకొద్దీ, సముద్రం వైపు నుంచి చల్లగాలి ఆ సందులోంచి తోసుకొస్తుంది. అక్కడ అన్ని గాలిమరలు ఎందుకు పాతారో ఒక్క సాయంత్రం చూస్తే అర్థమైపోతుంది. వసంతకాలంలో, అందులోనూ మధ్యాహ్నం దాటాక, ఇది మరీ జోరుగా ఉంటుంది. ఊరి నడిమధ్యకు, దక్షిణపు పేటలకు కొండ అడ్డుంటుంది కాబట్టి అక్కడ చెట్ల ఆకు కూడా కదలకపోవచ్చు. అదే సమయంలో ఉత్తరాన వైట్‌వాటర్ వాగు దాటే చోట ఇసుక లేచి జీన్ ఆట్రీ ట్రైల్ లాంటి రోడ్లనే మూసేయాల్సి వస్తుంది.

ఇప్పుడు వాయవ్యపు గాలినీ, తూర్పుకు దిగే వాలునూ కలిపి చూడండి. మధ్యాహ్నం సైకిల్ తీసుకుని విమానాశ్రయం వైపు వెళ్తే వాలూ మీ వైపే, గాలీ మీ వైపే. "నేను ఇంత బాగా తొక్కుతానా!" అనిపిస్తుంది. వెనక్కి తిరిగాక ఆ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. నేను అందుకే పొద్దున్నే, ముందుగా ఉత్తరానికి తీసుకెళ్తాను. డౌన్‌టౌన్ నుంచి మూడు మైళ్ళ లోపే, ఇప్పుడు విజిటర్ సెంటర్‌గా ఉన్న పాత గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు, వస్తుంది. 1965లో ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ ఫ్రే డిజైన్ చేసిన ఆ పైకప్పు, ఎగరబోతున్న రెక్కలా రోడ్డు మీదికి చాచుకుని ఉంటుంది. అక్కడ ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగితే మిగతా షికారంతా తేలిక. ఒక్క మాట: పక్క నుంచి ట్రామ్ (కొండ మీదికి తీసుకెళ్ళే రోప్‌వే) స్టేషన్‌కి ఎక్కే రోడ్డు జోలికి వెళ్ళకండి. నాలుగు మైళ్ళ లోపే దాదాపు 2,000 అడుగులు ఎక్కాలి. అది షికారు కాదు.

అపోహ: పొడి వేడి కదా, చెమటే పట్టదు. నీళ్ళు దాహమేస్తే తాగుదాం.

చెమట పడుతుంది. పట్టిన మరుక్షణం ఆరిపోతుంది కాబట్టి కనిపించదు, అంతే. ఇంటికెళ్ళి నల్లచొక్కా విప్పి చూస్తే తెల్లగా ఉప్పు చారలుంటాయి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే వెనకబడ్డట్టు. ఎండలో గంటకు మించి తొక్కేటట్టయితే నీళ్ళతో పాటు కాస్త ఉప్పు ఉన్నదేదో తినాలి. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగడమూ మంచిది కాదు.

2024 జులై 5న ఇక్కడ 124 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే 51 సెల్సియస్. ఈ ఊరి చరిత్రలో అదే రికార్డు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నా సైకిళ్ళు సూర్యోదయంతో బయల్దేరి, ఎండ ముదరకముందే లోపలికొచ్చేస్తాయి. "ఇంకో అరగంట" అని ఎవరు బతిమాలినా నేను ఒప్పుకోను. తలనొప్పి, వికారం మొదలైతే నీడలోకి వెళ్ళి ఆగిపోవాలి. మాట తడబడుతోందంటే, మనిషి అయోమయంగా ఉన్నాడంటే వెంటనే అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయాలి, ఈలోపు ఒంటి మీద నీళ్ళు పోసి చల్లబరచాలి.

అపోహ: చలికాలమైతే సాయంత్రం దాకా తిరగొచ్చు.

డిసెంబర్‌లో కొండ పక్క పేటల్లో మూడు, మూడున్నరకే సూర్యుడు శిఖరం వెనక్కి వెళ్ళిపోతాడు. ఆకాశం ఇంకా వెలుగుగానే ఉంటుంది గానీ చలి గబుక్కున దిగుతుంది. బుట్టలో జాకెట్ పెట్టుకోండి.

అపోహ: ఇన్ని పామ్ చెట్లున్నాయి కదా, నీడకేం లోటు?

ఆ చెట్టు కింద సైకిల్‌ని కూడా నీడలో పెట్టలేం.

అపోహ: తారు రోడ్డే కాబట్టి పంక్చర్ భయం లేదు.

ఇక్కడ పంక్చర్లు చేసేది ఎక్కువగా పల్లేరు కాయే. అవును, చిన్నప్పుడు మన కాళ్ళలో గుచ్చుకున్న ఆ పల్లేరే. రోడ్డు అంచున, ఖాళీ స్థలాల్లో పాకుతుంది. ఎండిన కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. సైకిల్‌ని ఖాళీ స్థలంలోకి దింపి నిలబెట్టకండి. టైర్లో ముల్లు కనిపిస్తే ఆత్రపడి పీకేయొద్దు. చాలాసార్లు రంధ్రాన్ని మూసి ఉంచేది ఆ ముల్లే. ట్యూబుల్లో సీలెంట్ ద్రవం పోసి ఇచ్చే దుకాణంలో సైకిల్ తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: సినిమావాళ్ళ ఇళ్ళు చూడాలంటే బస్సు టూరే దారి.

నా వ్యాపారం కాబట్టి ఇలా అంటున్నాననుకోకండి, బస్సులోంచి మీకు కనిపించేది ప్రహరీ గోడే. సైకిలైతే నచ్చిన చోట కాలు కింద పెట్టి ఆగొచ్చు. అయినా నిజం చెప్పాలంటే, పెద్ద పేర్లున్న ఇళ్ళలో చాలావాటికి గుబురు కంచెలే అడ్డం. గాయకుడు, నటుడు ఫ్రాంక్ సినాట్రా 1947లో కట్టించుకున్న ఇంట్లో పియానో ఆకారంలో స్విమ్మింగ్ పూల్ ఉంది. వీధిలోంచి అది ఎలాగూ కనిపించదు.

నాకైతే మామూలు మనుషుల కోసం కట్టిన ఇళ్ళే ఇష్టం. ట్విన్ పామ్స్ పేటకు వెళ్ళండి. 1950ల్లో ఇళ్ళు కట్టే అలెగ్జాండర్ కంపెనీ కోసం ఆర్కిటెక్ట్ విలియం క్రైసెల్ డిజైన్ చేసిన ఇళ్ళవి. లోపలి ప్లాన్ దాదాపు ఒకటే. దాన్ని ఒక్కో స్థలంలో ఒక్కో వైపుకు తిప్పి, పైకప్పు మార్చేశాడు. ఒకటి సీతాకోకచిలుక రెక్కల్లా మధ్యలో దిగి ఉంటుంది, పక్కది బల్లపరుపుగా ఉంటుంది. నడిస్తే నాలుగిళ్ళు చూసేసరికి అలిసిపోతారు, కార్లో అయితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సైకిల్ వేగానికి మాత్రం ఆ కిటుకు దొరికిపోతుంది. అవన్నీ జనం కాపురముంటున్న ఇళ్ళు. ఇంటి ముందున్న కారు దారిలోకి వెళ్ళి సెల్ఫీలు దిగకండి.

అపోహ: కొండల దాకా అంతా ఊరి స్థలమే.

ఇక్కడి భూమి చదరంగం బల్లలా గళ్ళు గళ్ళుగా పంచి ఉంది. 1870ల్లో ఒక గడి రైల్వేకి, పక్క గడి ఇక్కడి మూలవాసులైన అగువ కాలియెంటే కహుయా తెగకు అన్న లెక్కన పోయింది. డౌన్‌టౌన్‌లోనూ తెగ భూమి ఉంది. సౌత్ పామ్ కాన్యన్ డ్రైవ్ చివర ఇండియన్ కాన్యన్స్ అనే కొండ లోయలు కూడా వాళ్ళవే. గేటు దగ్గర రుసుము కట్టాలి, లోపల వాళ్ళ నిబంధనలే చెల్లుతాయి.

అపోహ: షికారే కదా, ట్రాఫిక్ రూల్స్ ఎందుకు?

కాలిఫోర్నియాలో రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి కారు నడిపేవారికున్న బాధ్యతలే ఉంటాయి. స్టాప్ గుర్తు దగ్గర ఆగాలి, ట్రాఫిక్‌తో పాటు ఒకే దిశలో వెళ్ళాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. గంటకు 28 మైళ్ళ దాకా సాయం చేసే క్లాస్ 3 ఈ-బైక్ అయితే పెద్దవాళ్ళకూ తప్పదు, 16 ఏళ్ళ లోపువాళ్ళు దాన్ని నడపకూడదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం కూడా చట్టవిరుద్ధమే. పాటలు కావాలంటే ఒక చెవికి పెట్టుకోండి.