డ్రిప్‌తో వరి పండుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా లావేరు, రణస్థలం వైపు బోర్ల కింద మొక్కజొన్నకు డ్రిప్ పైపులు (మొక్కల దగ్గర చుక్కచుక్కగా నీళ్లిచ్చేవి) పరవడం నా పని. "ఈ పైపులతోనే వరి కూడా పండించొచ్చట కదా" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అది విని పక్కనే నవ్వేవాళ్లూ అంతే ఉన్నారు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: వరి నీటి మొక్క, మడిలో నీళ్లు నిలబడకపోతే పండదు.

వాస్తవం: వరి నీటిని తట్టుకునే మొక్క, అంతే. కాండంలో, వేళ్లలో గాలి ఆడే ఖాళీలు ఉంటాయి కాబట్టి మునిగినా బతుకుతుంది. మనం నీళ్లు నిలబెట్టేది చాలావరకు కలుపు లేవకుండానే. మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలపాలంటేనే ఎకరానికి 2 లక్షల లీటర్లు కావాలి, గరువు నేలైతే (నీళ్లు నిలవని మెరక నేల) అందులో ఎంత కిందికి ఇంకిపోతుందో మీకు తెలిసిందే. డ్రిప్‌లో రోజుకు 6 మిల్లీమీటర్ల లెక్కన ఇచ్చినా ఎకరానికి 24 వేల లీటర్లే. కాకపోతే చిరుపొట్ట (కాండంలో వెన్ను మొదలయ్యే దశ) నుంచి పూత అయ్యేదాకా పిసినారితనం పనికిరాదు, అప్పుడు నేల ఎండితే తాలు గింజలే మిగులుతాయి.

అపోహ: దమ్ము చేసి (నీళ్లు పెట్టి బురదగా దున్ని), ఉభాలు (నాట్లు) అయ్యాక పైపులు పరిచేస్తే సరి.

వాస్తవం: దమ్మూ లేదు, ఆకుమడీ లేదు. పొడి దుక్కిలో 20 సెంటీమీటర్ల ఎడంతో వరుసల్లో విత్తుకోవాలి, నాలుగు వరుసలకు ఒక పైపు. అంటే ఎకరానికి దాదాపు 5 వేల మీటర్ల పైపు! కొబ్బరికి 500 మీటర్లతో సరిపెట్టే మనకు ఇక్కడే కళ్లు తిరుగుతాయి. అందుకే వరి కోయగానే అదే పైపుల మీద మొక్కజొన్న వేసుకునేవాళ్లకే నేను సలహా ఇస్తాను.

అపోహ: నీళ్లు తగ్గితే పనీ తగ్గుతుంది.

వాస్తవం: అబ్బే. కలుపు రాకుండా నీళ్లు కాసిన కాపలా ఇప్పుడు మనం కాయాలి. విత్తిన రెండు రోజుల్లోపు, నేల తడిగా ఉండగా పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టాలి, 15-20 రోజులకు బిస్పైరిబాక్ సోడియం అనే ఇంకో కలుపు మందు. నేను మొదటిసారి వేయించిన ఎకరంలో మొదటి మందు ఆలస్యమైంది, మూడు వారాలకు చూస్తే పచ్చగా ఒత్తుగా ఉంది, సంతోషపడ్డాను కూడా, తీరా వంగి చూస్తే సగం ఊదే, అచ్చం వరిలా కనిపించే కలుపు గడ్డి! అప్పటి నుంచి ప్రతి పొలంలో ఒక మొక్క పీకి చూపిస్తున్నాను: ఆకు కాండానికి అతుక్కునే చోట వరికి చిన్న తెల్లటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

అపోహ: లేత ఆకులు పసుపెక్కితే యూరియా చాలలేదని.

వాస్తవం: యూరియా చాలకపోతే ముందు ముదురు ఆకులు పసుపెక్కుతాయి. కొత్త ఆకు పాలిపోయి ఈనె మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, నీళ్లు నిలవని వరిలో మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. ఇంకో మాట, డీఏపీ ఎరువును డ్రిప్ ట్యాంకులో పోయకండి బాబూ, డ్రిప్పర్లు పూడుకుపోతే తలలు పట్టుకునేది నేనే.

అపోహ: వానాకాలం పల్లం పొలాలకూ ఇదే మేలు.

వాస్తవం: వంశధార, నాగావళి కాలువల కింద మోకాలి లోతు నీళ్లు నిలిచే మళ్లలో స్వర్ణ రకం వరి వేసుకుంటూ దీని గురించి అడగకండి. ఇది గరువులకు, బోరు కింద దాళ్వాకు (రబీ వరికి), 1010 లాంటి తక్కువ కాలం వరి రకాలకు. పల్లం పొలానికి నన్ను పిలిస్తే వస్తాను గానీ, టీ తాగి వెళ్లిపోతాను.