కోటా 119, చచ్చినవి 218

మడకశిర, పెనుకొండ వైపు నుంచి బెంగళూరు వచ్చి సాఫ్ట్‌వేర్ పనుల్లో స్థిరపడినవాళ్ళలో, ఊళ్ళో ఇంకా గొర్రెల మంద ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. తోడేలు మాట వస్తే వాళ్ళు అడిగేది ఒకటే: “అమెరికాలో లైసెన్సులిచ్చి మరీ కాల్చనిస్తారంట కదన్నా, మనకేమో ముట్టుకుంటే జైలు. ఎందుకట్లా?” అడగాల్సిన ప్రశ్నే. 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. అమెరికాలో అలాంటి రక్షణ తీసేశాక ఏం జరిగిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

విస్కాన్సిన్ సంగతి చూడండి. 2021 జనవరిలో కేంద్ర రక్షణ పోయేనాటికి ఆ రాష్ట్రంలో తోడేళ్ళు వెయ్యికి కాస్త పైన. నవంబరులో నింపాదిగా వేట పెడదామని రాష్ట్ర అధికారులు అనుకుంటే, వేటగాళ్ళ సంఘం ఒకటి కోర్టుకెక్కి ఫిబ్రవరిలోనే పెట్టించింది. కోటా 200. పాత ఒప్పందాల ప్రకారం అందులో 81 అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగలవి. వాళ్ళు తోడేలును తోబుట్టువుగా చూస్తారు, వేటాడరు. మిగతా వేటగాళ్ళకు దక్కింది 119. ఫిబ్రవరి 22న మొదలుపెట్టి మూడు రోజులు తిరక్కుండానే ఆపేశారు. అప్పటికే 218 చచ్చాయి.

ఎవరో దొంగచాటుగా చంపేశారని కాదు. దాదాపు అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. కోటాలోని ఒక్కో తోడేలుకు ఇరవై లైసెన్సుల చొప్పున ఇవ్వజూపారు. చంపిన సంగతి చెప్పడానికి 24 గంటల గడువు. వేట ఆపాలంటే మళ్ళీ 24 గంటల ముందు ప్రకటించాలి. కింద మంచు, దాని మీద అడుగుజాడలు, వాసన పట్టే వేటకుక్కలు. కాగితం ఒక రోజు నడిచేలోపు కుక్కలు అడవంతా చుట్టేశాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కోర్టు ఒకటి రాకీ పర్వతాల ఉత్తర ప్రాంతాన్ని మినహాయించి మిగతాచోట్ల రక్షణ తిరిగి పెట్టింది.

218 అన్న అంకెలో కనపడని నష్టం కూడా ఉంది. గుంపులో మామూలుగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. మిగతావి చాలావరకు వాటి సంతానమే, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పెరగడానికి సాయపడతాయి. ఫిబ్రవరి అంటే అక్కడ జతకట్టే కాలం. తొమ్మిది వారాల తర్వాత, ఏప్రిల్‌లో ఈనుతాయి. అప్పుడు ఆ పెద్ద ఆడది చస్తే ఆ ఏటి పిల్లలూ పోయినట్టే. ఒక్కోసారి గుంపే చెదిరిపోతుంది.

ఇంత చెప్పాక, వేట మొదలైతే తోడేలు అంతరించిపోతుందని నేననను. అది నిజం కాదు. 1995, 96లలో కెనడా నుంచి తెచ్చి యెల్లోస్టోన్ జాతీయ పార్కులో వదిలినవి 31. ఆ రాకీ పర్వతాల వైపున్న మోంటానా, ఐడహో, వయోమింగ్ రాష్ట్రాలు మూడింటికీ కలిపి పెట్టుకున్న కనీస లక్ష్యం 300. 2011లో అమెరికా పార్లమెంటు బడ్జెట్ బిల్లులో ఒక వాక్యం ఇరికించి అక్కడ చాలామేర రక్షణ తీసేసింది. జంతువు భవిష్యత్తును తేల్చడానికి బడ్జెట్ బిల్లేమిటో! ఏటా వేట సాగుతున్నా ఆ ప్రాంతంలో తోడేళ్ళు ఇప్పటికీ వేలల్లోనే ఉన్నాయి. వేటాడి తినడానికి జంతువులు పుష్కలంగా ఉండి, పక్క అడవుల నుంచి కొత్తవి వస్తూ ఉంటే, ఏటా నాలుగో వంతు పోయినా తోడేళ్ళు పూడ్చుకోగలవు.

అయితే ఎన్ని చచ్చాయన్నదెంత ముఖ్యమో, ఎక్కడ చచ్చాయన్నదీ అంతే ముఖ్యం. పార్కు హద్దును ఆనుకొని ఉన్న చోట్ల పెట్టిన చిన్న పరిమితుల్ని 2021లో మోంటానా ఎత్తేసింది. ఆ చలికాలం హద్దు దాటి బయటికొచ్చిన యెల్లోస్టోన్ తోడేళ్ళు 25 చచ్చాయి. వాటిలో కొన్ని పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనిస్తున్న గుంపులవి. తర్వాతి ఏడాది పరిమితి మళ్ళీ పెట్టారు.

మరి గొర్రెలు దక్కాయా? దీనిమీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. కొన్ని తోడేళ్ళను చంపితే మరుసటి ఏడు పశునష్టం పెరిగిందని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. అవే లెక్కల్ని వేరేవాళ్ళు మళ్ళీ చేసి తగ్గిందన్నారు. నాకు తోచేదేమిటంటే, మందమీద పడిన ఫలానా గుంపును పట్టుకోవడం వేరు, అడవిలో కంటబడినదాన్ని కాల్చడం వేరు. లైసెన్సు వేట ఎక్కువగా రెండోదే.

ఇప్పుడు మన సంగతి. దేశం మొత్తం మీద తోడేళ్ళు సుమారు 3,000 అని అంచనా. విస్కాన్సిన్ అనే ఒక్క రాష్ట్రంలో ఉన్నవాటికి మూడు రెట్లు, అంతే. తోడేలు కోసమే 1974లో ప్రకటించిన మేలుకోటె అభయారణ్యం బెంగళూరుకు కొన్ని గంటల దూరంలోనే ఉంది. కొప్పళ జిల్లాలో బంకాపుర కూడా ఉంది. కానీ మన తోడేళ్ళు ఎక్కువగా బతికేది అడవిలో కాదు, మందలు మేసే బీళ్ళలో, మిట్టల్లో. ఆ బీళ్ళు లేఅవుట్లుగా, సోలార్ పార్కులుగా మారిపోతున్నాయి. ఊరకుక్కలతో జతకడితే వచ్చే సంకరం, వాటి నుంచి సోకే రోగాలు వేరే. ఇంత తక్కువగా, చెదురుమదురుగా ఉన్నవాటికి కోటా పెడితే, విస్కాన్సిన్‌లోలాగా వంద లెక్క తప్పనక్కర్లేదు, పది తప్పినా ఒక తాలూకాలో తోడేలు మిగలదు.

కాపరి నష్టం మాత్రం నిజమే. మంద కట్టిన పొలంలో రాత్రిపూట వల, మంచి కుక్క, మేలుకొని ఉండే ఒక మనిషి ఉంటే చాలా గొర్రెలు దక్కుతాయి. పోయినవాటికి పరిహారం ఇస్తామంటారు. అది చేతికి రావాలంటే కళేబరం అక్కడే ఉండాలి, పశువైద్యుడు రావాలి, కాగితం రాయాలి. పొద్దున్నే మరో ఊరి పొలానికి కదిలిపోవాల్సిన మంద ఆయన వచ్చేదాకా ఆగదు. నన్నడిగితే, ముందు ఖర్చు పెట్టాల్సింది ఆ వలలకూ, ఆ కాగితం ఒక్కరోజులో తేలిపోయే ఏర్పాటుకూ.