సర్పంచ్ సంతకం, పంచాయతీ స్టాంపు: ఏది దేనికి చెల్లుతుంది? అపోహలు - వాస్తవాలు

నేను తెలంగాణలో పంచాయతీ కార్యదర్శిని. ఆఫీసుకి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, "సార్, సర్పంచ్ సాబ్ సంతకం పెట్టిండు, మీ స్టాంపు ఒక్కటి పడితే అయిపోతది కదా" అని. కొన్ని పనులకి ఆ స్టాంపే ఫైనల్, కొన్నిటికి మాత్రం దానికి ఏ విలువా లేదు. ఏది దేనికి చెల్లుతుందో తెలియక జనం ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. నేను చెప్పేది 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, ఆంధ్రాలో 1994 చట్టం నడుస్తోంది కాబట్టి అక్కడివాళ్లకి అవసరమైనచోట విడిగా చెప్తా.

అపోహ: "ఇది జీపీ లేఅవుట్, పంచాయతీ అప్రూవల్ ఉంది, భయం లేదు"

అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచేది ఇదే, అందుకే ముందు దీని గురించి. గ్రామ పంచాయతీకి సొంతంగా లేఅవుట్ మంజూరు చేసే పవర్ లేదు. ఫైలు డీటీసీపీకి పోవాలి, అంటే టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌కి, ఊరు హెచ్ఎండీఏ, కుడా, సుడా, నుడా లాంటి పట్టణాభివృద్ధి అథారిటీ పరిధిలో ఉంటే ఆ అథారిటీకి. వాళ్ల టెక్నికల్ అప్రూవల్ లేకుండా సర్పంచ్, కార్యదర్శి కలిసి సంతకాలు పెట్టిన బ్లూప్రింట్ ఎంత నీట్‌గా ఉన్నా, మీద ఎన్ని గుండ్రటి ముద్రలు ఉన్నా, అది అప్రూవ్డ్ లేఅవుట్ కాదు. ఇందులో ఉమ్మడి రాష్ట్రం నాటి 2002 రూల్స్ కూడా ఇదే చెప్పాయి, అంటే ఇది నిన్న మొన్న వచ్చిన కొత్త రూలేం కాదు, ఇరవై ఏళ్లకి పైగా ఉన్నదే, అయినా బ్రోచర్ల మీద "పంచాయతీ లేఅవుట్" అని వేసి అమ్ముతూనే ఉన్నారు.

అప్రూవల్ ఉంటే కొనేవాడికి ఏం లాభం అంటే, రోడ్లు ఎంత వెడల్పు ఉండాలో అక్కడ తేలుతుంది, మొత్తం జాగాలో 10 శాతం ఓపెన్ స్పేస్‌గా వదిలి దాన్ని పంచాయతీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయాలి, డెవలపర్ రోడ్లు, మోరీలు, కరెంటు పని పూర్తి చేసేదాకా కొన్ని ప్లాట్లు మార్ట్‌గేజ్‌లో ఉంటాయి, పని అయ్యాకే విడుదల చేస్తారు. ఇవేవీ లేని వెంచర్‌లో ఫోటోలో పార్కు కనబడ్డ జాగా మూడేళ్లకి మళ్లీ ప్లాట్లుగా అమ్ముడుపోతుంది, అడిగితే ఆ జాగా పంచాయతీది అని చెప్పడానికి మా దగ్గర కాగితం ఉండదు. కాలనీవాళ్లు వచ్చి మా పార్కు పోయింది సార్ అని ఏడుస్తారు, రిజిస్టర్ తెరిస్తే అందులో ఏమీ ఉండదు.

ఇంకో రకం ఉంది, గుంటల లెక్కన అమ్మేది. గుంట అంటే 121 గజాలు, రెండు గుంటలు అంటే 242 గజాలు, వ్యవసాయ భూమిగానే తహసీల్దార్ ఆఫీసులో రిజిస్టర్ అవుతుంది, పాస్‌బుక్ కూడా వస్తుంది, కాబట్టి అంతా కరెక్టే అనుకుంటారు. భూమి మీది అవ్వొచ్చు, కానీ అది ఇంటి స్థలం కాదు, నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చే అనుమతి) లేదు, లేఅవుట్ లేదు. రేపు ఇల్లు కడదామని నా దగ్గరికి వస్తే నేను పర్మిషన్ ఇవ్వలేను, బ్యాంకు లోన్ ఇవ్వదు. ఒక్క నాలా కన్వర్షన్ కాగితం చూపించి "అప్రూవల్ ఉంది" అనేవాళ్లు కూడా ఉన్నారు, అది భూమి వాడకం మార్చడానికి మాత్రమే, లేఅవుట్ వేరే.

ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీమ్) ఉంది కదా, తర్వాత కట్టుకుందాం అంటారు. 2020లో ప్రభుత్వం పెట్టిన ఎల్ఆర్ఎస్‌కి 2020 ఆగస్టు 26 కటాఫ్ డేట్, ఆ లోపు పడ్డ లేఅవుట్లు, అమ్ముడైన ప్లాట్లకి అది. ఇప్పుడు కొనేవాళ్లు రేపు ఇంకో స్కీమ్ వస్తదనే నమ్మకంతో లక్షలు పెట్టొద్దు. టోకెన్ ఇచ్చే ముందు డీటీసీపీ నంబర్ అడగండి, అది డ్రాఫ్టా ఫైనలా చూడండి, మీ ప్లాటు మార్ట్‌గేజ్ లిస్టులో ఉందేమో చూడండి, ఆ కాపీ పట్టుకుని పంచాయతీ ఆఫీసుకి రండి, చూసి చెప్పడం మా పనే, దానికి ఎవరి రికమెండేషన్ అక్కర్లేదు.

అపోహ: "ఇంటి పన్ను రసీదు నా పేరు మీద ఉంది, అంటే ఇల్లు నాదే"

పన్ను రసీదు చెప్పేది ఒక్కటే, ఫలానా నంబర్ ఇంటికి ఫలానా సంవత్సరం పన్ను ముట్టింది అని. అది టైటిల్ కాదు. పన్ను రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. చెరువు శిఖంలోనో సర్కారు జాగాలోనో కట్టిన ఇంటికి ఇన్నేళ్లు పన్ను కట్టాం, కట్టించుకున్నారు కదా, ఇప్పుడెలా తీస్తారు అని అడుగుతారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ రసీదు ఆ జాగాని పట్టా చేయలేదు.

అట్లని రసీదు పనికిరాదు అని కూడా అనుకోవద్దు, ఇదీ అంతే పెద్ద తప్పు. గ్రామకంఠంలో, మా వైపు ఆబాది అంటాం, పాత ఇళ్లకి రెవెన్యూ రికార్డులో మనిషి పేరు ఉండదు, తాతల నుంచి ఉంటున్నా దస్తావేజు ఉండదు, అక్కడ ఆ ఇంట్లో ఎవరు ఉన్నారు అని చెప్పే పాత రాత పంచాయతీ డిమాండ్ రిజిస్టరే, అంటే ఏ ఇంటికి ఎవరు పన్ను కట్టాలో రాసే పుస్తకం. మీటర్ కనెక్షన్ కావాలన్నా, రిజిస్ట్రేషన్‌కి పోయినా, కోర్టులో స్వాధీనం చూపించాలన్నా మొదట అడిగేది దాన్నే. కాబట్టి పాత రసీదులు పారేయకండి, లామినేషన్ వద్దు, జిరాక్స్ తీసి ఒరిజినల్ దాచండి. ఈ ఖాళీ పూడ్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ స్కీమ్ మొదలుపెట్టింది, డ్రోన్‌తో ఊళ్లు సర్వే చేసి ఇళ్లకి ప్రాపర్టీ కార్డులు ఇవ్వడం, ఆంధ్రాలో ఆ సర్వే ఊళ్లలో జరుగుతోంది, వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఉండి హద్దులు చూపించుకోండి.

ఇక్కడ ఒక మాట అక్కాచెల్లెళ్లకి. నాన్న చనిపోయాక పెద్దన్న వచ్చి ఇంటి నంబర్ తన పేరు మీద మార్చుకుంటాడు, కొన్నాళ్లకి ఊరొచ్చిన చెల్లె రిజిస్టర్‌లో అన్న పేరు చూసి ఇక మనకేం లేదులే అనుకుని వెళ్లిపోతుంది. రిజిస్టర్‌లో పేరు పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలి అని రాసుకోవడానికి, దానితో మీ వాటా ఎక్కడికీ పోదు. వారసులందరూ సంతకం పెట్టకుండా పేరు మార్చమని వస్తే మేం ఆపాలి, ఆపినందుకు మమ్మల్ని తిట్టినా సరే. మీరు కూడా అబ్జెక్షన్ రాసిచ్చి రసీదు తీసుకోండి, నోటిమాటగా చెప్తే రికార్డులో ఉండదు.

అపోహ: "మన ఊళ్లో మన జాగా, పర్మిషన్ ఎందుకు" / "సర్పంచ్ ఒప్పుకుంటే ఎన్ని అంతస్తులైనా"

పల్లెలో కూడా పర్మిషన్ కావాలి. 300 చదరపు మీటర్ల లోపు ప్లాటు, అంటే దాదాపు 359 గజాలు, 10 మీటర్ల ఎత్తు, గ్రౌండ్ ప్లస్ టూ వరకు పంచాయతీ ఇస్తుంది, అది దాటితే టెక్నికల్ అప్రూవల్‌కి పైకి పోవాల్సిందే. ఆంధ్రాలో కూడా 2002 రూల్స్‌లో ఈ 300 మీటర్లు, 10 మీటర్ల లెక్కే పెట్టారు. షాపులు, ఫంక్షన్ హాలు, రైస్ మిల్లు అంటే ఇంకా వేరే కాగితాలు ఉంటాయి.

దీన్ని మించిన తలనొప్పి ఇంటి ముందు భాగం. గోడ తన జాగాలోనే కడతారు, మెట్లు, ర్యాంపు, అరుగు మాత్రం రోడ్డు మీదికి వస్తాయి, మోరీ మీద బండలు పరిచి సిమెంట్ చేసేస్తారు. లోపల చెత్త పేరుకున్నాక తీయడానికి మా వర్కర్లకి చేయి పట్టదు, ఒక్క గట్టి వాన పడితే నీళ్లన్నీ కింది వాడకట్టులో ఉన్న ఇళ్లలోకి పోతాయి, ఆ ఇళ్లు ఎక్కువగా పేదోళ్లవే. ఊరి రోడ్డు, మోరీ పంచాయతీ ఆస్తి, ఆక్రమణ తీయించడం కార్యదర్శి డ్యూటీ. నోటీసు ఇస్తే నా మీద కక్ష అనుకోకండి దయచేసి.

అపోహ: "పన్ను కట్టకపోతే పంచాయతీ ఏం చేస్తది"

చట్టంలో వసూలుకి సామాన్లు జప్తు చేసే దాకా ఉంది, ఊళ్లో ఆ దాకా ఎవరూ తీసుకుపోరు, నిజమే. కానీ నోటీసు ఇచ్చాక కూడా బకాయి పెట్టుకుంటే పంచాయతీ ఎలక్షన్‌లో నిలబడటానికి అర్హత పోతుంది, అందుకే నామినేషన్ల వారం వచ్చిందంటే ఏళ్ల బకాయిలు ఒక్కసారి వచ్చి పడతాయి.

"పైనుంచి కోట్లు వస్తాయి కదా, మా నాలుగు వందలు ఎందుకు" అని అడిగేవాళ్లకి చెప్పాల్సింది ఉంది. 2021-26కి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని పెట్టారు, మిగతా 40 శాతం అన్‌టైడ్ అయినా జీతాలకి వాడొద్దన్నారు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు ఆగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో సర్పంచుల పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చాక ఊళ్లు ఎంత ఇబ్బంది పడ్డాయో ప్రతి కార్యదర్శికీ తెలుసు. ట్రాక్టర్ డీజిల్, దాని కిస్తీ, వీధి లైట్ల కరెంటు బిల్లు, బోరు మోటార్ కాలిపోతే వైండింగ్, పొద్దున్నే చెత్త ఎత్తే మల్టీపర్పస్ వర్కర్ల జీతం, వీటికి ఆ టైంలో ఆసరా ఇంటి పన్ను, నల్లా పన్నే. జీతం రాక రెండు నెలలైనా పొద్దున ఐదింటికి మోరీలో దిగే మనిషిని చూసిన తర్వాత పన్ను అడగడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు, పడను.

పన్ను కార్యదర్శి ఇష్టం వచ్చినట్టు వేస్తాడనేది కూడా తప్పు. ఇల్లు కొలిచి, రేకులా పెంకులా ఆర్‌సీసీ స్లాబా చూసి, ప్రభుత్వం పెట్టిన పరిమితుల్లో పంచాయతీ తీర్మానం చేసిన రేటు ప్రకారం వస్తుంది. కొలత తప్పు అనిపిస్తే రాతపూర్వకంగా అడగండి, మళ్లీ కొలుస్తారు. ఆంధ్రావాళ్లకి ఇంకో విషయం, 1994 చట్టంలో ఇంటి పన్నుతో పాటు కొలగారం, కాటారుసుం కూడా ఉంది, ఊళ్లో కొలిచి తూచి అమ్మే పంట మీద పన్ను, అది ఎవరో కొత్తగా కల్పించింది కాదు.

అపోహ: "వీడీసీ తీర్మానం చేసింది, ఊరంతా పాటించాలి"

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు ఉన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రామాభివృద్ధి కమిటీ అని పెద్ద మనుషులు కూర్చుంటారు, గుడి కట్టించడం, బడికి గేటు పెట్టించడం లాంటి మంచి పనులు చేసిన కమిటీలు కూడా ఉన్నాయి, అది కాదనను. కానీ చట్టంలో వీడీసీ అనే సంస్థే లేదు. బెల్టు షాపు వేలం వేయడం, ఇసుకకి ట్రాక్టర్‌కింత అని వసూలు చేయడం, మాట వినలేదని ఒక కుటుంబానికి జరిమానా, కట్టకపోతే కిరాణా ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు, మాట్లాడినోళ్లకి కూడా జరిమానా అని చాటింపు వేయించడం, ఇవన్నీ నేరాలు. ఊళ్లో పన్ను వేసే అధికారం, జరిమానా వేసే అధికారం ఎన్నికైన పంచాయతీకే ఉంది, అదీ చట్టంలో రాసిన వాటికి మాత్రమే, రసీదు ఇచ్చి మాత్రమే. రసీదు లేని జరిమానా కట్టొద్దు. బహిష్కరణ జరిగితే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి, కలెక్టర్‌కి కాపీ పెట్టండి, ఇట్లాంటివాటి మీద కేసులు అయ్యాయి, అవుతున్నాయి. సర్పంచ్ పదవిని వేలం వేసి ఏకగ్రీవం అనడం కూడా ఈ కోవలోదే, గుడికి డబ్బులొచ్చాయి కదా అని సర్దుకుంటారు, కానీ అక్కడ పోయింది ఊళ్లో ప్రతి ఒక్కరి ఓటు.

వైన్ షాపు సంగతి కూడా చాలామంది అడుగుతారు, తీర్మానం చేస్తే ఆగుతదా అని. మామూలు ఊళ్లలో లైసెన్స్ ఎక్సైజ్ వాళ్లది, పంచాయతీ తీర్మానం అభ్యంతరంగా పనికొస్తుంది అంతే. ఏజెన్సీ ఊళ్లలో లెక్క వేరు, 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టింది, ఏటూరునాగారం, భద్రాచలం, ఉట్నూరు వైపు తమ్ముళ్లు ఇది తెలుసుకుని వాడుకోవాలి.

అపోహ: "పైసలన్నీ సర్పంచ్ చేతిలో ఉంటాయి"

2018 చట్టం చెక్ పవర్‌ని సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి ఇచ్చింది, ఒక్కరి సంతకంతో రూపాయి కదలదు. పనికి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎస్టిమేట్ వేయాలి, అయ్యాక కొలిచి ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డ్ చేయాలి, తర్వాతే బిల్లు, ఆ బిల్లు ట్రెజరీలో నెలల తరబడి ఆగొచ్చు. సొంత డబ్బు, అప్పు తెచ్చి రోడ్డేసి బిల్లు రాక నలిగిపోయిన సర్పంచులు ఉన్నారు, తిన్నవాళ్లు కూడా ఉన్నారు, ఎవరు ఏంటో తెలియాలంటే గుసగుసలు సరిపోవు, రికార్డు చూడాలి.

చూసే హక్కు మీకుంది. గ్రామసభ రెండు నెలలకి ఒకసారి పెట్టాలి, ఆదాయం, ఖర్చు అక్కడ చదివి వినిపించాలి. సభకి వచ్చి మీరు అడిగింది మినిట్స్ బుక్‌లో రాశారో లేదో చూశాకే సంతకం పెట్టండి, ఖాళీ పేజీ మీద, ఇంటికి పంపిన పుస్తకం మీద పెట్టొద్దు, కార్యదర్శిగా నేనే చెప్తున్నా. సభలో జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి, పంచాయతీలో సమాచార అధికారి కార్యదర్శే, గ్రామ స్థాయిలో అప్లికేషన్ ఫీజు కూడా లేదు, తెల్ల కాగితం మీద ఏ సంవత్సరం, ఏ పని, క్యాష్ బుక్కా, ఎంబీ కాపీనా, తీర్మానం కాపీనా అని స్పష్టంగా రాసి ఇస్తే చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీల్‌కి పోవచ్చు.